విజయవాడ నుంచి జిద్దా ఎంత దూరం?

హజ్ దరఖాస్తు నింపేటప్పుడు మన ఇళ్లలో అందరి మాటా ఒకచోట ఆగిపోయే గడి ఒకటుంది. పేరు, వయసు, పాస్‌పోర్టు నెంబరు, బ్యాంకు ఖాతా - ఇవన్నీ కాగితం చూసి రాసేవే. 'ఏ విమానాశ్రయం నుంచి బయలుదేరతారు?' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం నిలిచిపోతుంది. అబ్బాజాన్ విజయవాడ అంటారు, ఇంటికి దగ్గర గదా అని. పెద్దకొడుకు హైదరాబాద్ అంటాడు, డబ్బు తక్కువ గదా అని. అమ్మీజాన్ మాత్రం ఎక్కడినుంచైనా సరే, బస్సులు మారడం తన మోకాళ్లవల్ల కాదంటుంది. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. ఆ గడిలో రాసే ఒక్క ఊరిపేరు మీద ఒక్కొక్కరికి వేల రూపాయలు, ఒక్కోసారి లక్షకు దగ్గరగా తేడా వస్తున్నది. ఎందుకు వస్తున్నదని అడిగితే నూటికి తొంభైమంది చెప్పే జవాబు ఒక్కటే: దూరం ఎక్కువ కాబట్టి.

ఈ జవాబు నిజమా అని మేము లెక్క వేసి చూశాం. గుండ్రటి భూమి మీద రెండు చోట్ల మధ్య ఉండే అతి దగ్గరి దారిని కొలిస్తే, శంషాబాద్ నుంచి జిద్దా విమానాశ్రయం సుమారు 4,130 కిలోమీటర్లు. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం నుంచి సుమారు 4,400 కిలోమీటర్లు. తేడా ఎటు చూసినా 270 కిలోమీటర్లకు మించదు. పెద్ద విమానం గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే ఆ తేడా ఇరవై నిమిషాల ప్రయాణం. అంటే జొహర్ నమాజు నిదానంగా చదువుకుని లేచేంత సేపు.

2023లో విజయవాడను తొలిసారి హజ్ విమానాలు బయలుదేరే కేంద్రంగా, అధికారుల భాషలో ఎంబార్కేషన్ పాయింట్‌గా ప్రకటించారు. ఆ ఏడాది హైదరాబాద్ నుంచి వెళ్లేవారు కట్టవలసిన మొత్తానికీ, విజయవాడ నుంచి వెళ్లేవారు కట్టవలసిన మొత్తానికీ మధ్య ఒక్కో యాత్రికుడికి 80 వేల రూపాయలకు పైగా తేడా వచ్చింది. ఇరవై నిమిషాలకు ఎనభై వేలు! నిమిషానికి నాలుగు వేలు. ఇది దూరం వల్ల వచ్చిన తేడా కాదని చెప్పడానికి పెద్ద చదువులు అక్కరలేదు.

ఇంకో సంగతి గమనించాలి. గోళం మీద గన్నవరం దగ్గర ఒక దారం కొస పట్టుకుని రెండో కొస జిద్దా మీద బిగించి చూస్తే, ఆ దారం దాదాపు హైదరాబాద్ మీదుగానే పోతుంది. పైలట్లు వాతావరణాన్ని బట్టి, నియంత్రణ కేంద్రాలు చెప్పినదాన్ని బట్టి కాస్త అటూ ఇటూ తిరుగుతారు గాని అసలు దిక్కు అదే. పడమరకు సూటిగా కాదు, పడమర నుంచి పద్నాలుగు డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి. ఈ లెక్క మనకు కొత్తదేమీ కాదు. రోజుకు ఐదుసార్లు మనం నిలబడే ఖిబ్లా దిశ కూడా ఇదే లెక్కతో వస్తుంది. హైదరాబాద్‌లో ఖిబ్లా పడమర నుంచి సుమారు పదమూడు డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. గుండ్రటి భూమి మీద ఒక ఊరినుంచి ఇంకో ఊరికి దిక్కూ, దూరమూ తేల్చే గణితాన్ని ముస్లిం పండితులు విమానాలు పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే నమాజు కోసం సాధించారు. గజనీ నగరానికి ఖిబ్లా ఎటో నిర్ణయించడానికి అల్ బిరూనీ ఊర్ల మధ్య దూరాలను వరసగా లెక్కగట్టి 11వ శతాబ్దంలో ఒక గ్రంథమే రాశాడు. మన తాతలు జానమాజు పరిచిన దిక్కుకే ఈనాటి విమానం ముక్కు తిప్పుతున్నది.

దూరం సంగతి అలా ఉంచి కాలం సంగతి చూద్దాం. ఇక్కడ కూడా మన పెద్దవాళ్లు తికమక పడుతుంటారు. హైదరాబాద్ నుంచి జిద్దాకు నేరుగా పోయే విమానం గాలిలో ఉండేది ఇంచుమించు ఆరు గంటలు. తిరిగి వచ్చేటప్పుడు ఐదున్నర గంటలకు అటూ ఇటూ. పైన వీచే గాలి, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకు ఉండటంతో వెళ్లేటప్పుడు ఎదురవుతుంది, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. అయితే సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అందుచేత ఉదయం పదింటికి ఇక్కడ ఎక్కినవాళ్లు అక్కడి గడియారం ప్రకారం మధ్యాహ్నం ఒకటిన్నరకు దిగుతారు. టిక్కెట్టు చూస్తే మూడున్నర గంటల ప్రయాణంలాగా కనిపిస్తుంది. రాత్రి పదింటికి జిద్దాలో ఎక్కినవాళ్లు ఇక్కడ ఉదయం ఆరింటికి దిగుతారు. టిక్కెట్టు చూస్తే ఎనిమిది గంటలు. రెండూ నిజం కావు.

ఇందులో నమాజుల విషయం ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతున్నాం. వెళ్లేటప్పుడు సూర్యుడి వెంటే పోతాం కాబట్టి పగలు సాగుతుంది. పదింటికి బయలుదేరినవారు చేతి గడియారం చూసి నాలుగయింది, జొహర్ పోయిందని కంగారు పడనక్కరలేదు. జిద్దాలో దిగాక కూడా జొహర్ సమయం ఉంటుంది. తిరుగు ప్రయాణంలో కథ తారుమారవుతుంది. సూర్యుడికి ఎదురుగా వస్తాం, రాత్రి కురచ అవుతుంది. జూన్ నెలలో హైదరాబాద్‌లో ఆరు కొట్టకముందే సూర్యోదయం అయిపోతుంది. కాబట్టి పైన చెప్పిన విమానంలో వచ్చేవారు దిగిన తర్వాత ఫజర్ చదువుకుందాం అనుకుంటే అది ఖజా అయిపోతుంది. విమానంలోనే, ఉన్నచోటనే చదువుకోవాలి. రమజాన్‌లో ఉమ్రాకు వెళ్తూ రోజా పాటించేవారికి కూడా ఇదే లెక్క: వెళ్లేరోజు ఉపవాసం రెండు గంటలకు పైగా పొడుగవుతుంది. ఇఫ్తార్ కిటికీలోంచి కనిపించే సూర్యుణ్ని బట్టి చేయాలిగాని బయలుదేరిన ఊరి గడియారాన్ని బట్టి కాదు.

ఇహ్రాం సంగతి కూడా అంతే. ఓడల రోజుల్లో యలమ్‌లమ్ ఎదురుగా వచ్చినప్పుడు ఓడలో కబురు చేసేవారు. హాజీలకు తయారవడానికి తీరుబాటు ఉండేది. విమానం నిమిషానికి పద్నాలుగు కిలోమీటర్లు పోతుంది. మీఖాత్ హద్దు జిద్దాలో దిగడానికి ముందే దాటిపోతుంది. అందుకే మదీనాకు ముందు వెళ్లేవారు తప్ప, నేరుగా జిద్దా వెళ్లేవారంతా ఇక్కడే ఇహ్రాం దుస్తులు ధరించి, ప్రకటన వినగానే నియ్యత్ చేసుకోవాలని ఉలమా చెబుతుంటారు. ఇహ్రాం బట్టలు పెట్టెలో వేసి, ఆ పెట్టెను విమానం పొట్టలోకి పంపేసి, పైన దిక్కులు చూసేవాళ్లు ప్రతి ఏడూ కొందరు ఉంటారు.

దూరమూ, కాలమూ కూడా ఆకాశం తెరిచి ఉన్నప్పుడు చెప్పే లెక్కలే. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసింది. హజ్ విమానాలు మొదలు కావడానికి అప్పటికి వారం రోజులు కూడా లేదు. ఢిల్లీ నుంచి పడమటికి పోవలసిన మన విమానాలు దక్షిణంగా దిగి అరేబియా సముద్రం మీదుగా చుట్టుదారి పట్టాయి. పటం మీద దూరం ఒక అంగుళం కూడా మారలేదు, ప్రయాణం మాత్రం పెరిగింది. మన హైదరాబాద్, బెంగుళూరు విమానాలు మొదటినుంచీ సముద్రం మీదుగానే పోతాయి కనుక మనకు ఆ ఇబ్బంది అంతగా తగల్లేదు. కాని అదే ఏడు జూన్ 13న ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య యుద్ధం మొదలైంది. జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా సైనిక స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేయడంతో ఖతార్, ఎమిరేట్స్, కువైట్, బహ్రెయిన్ కొంతసేపు తమ ఆకాశాలను మూసివేశాయి. హాజీలు తిరిగివచ్చే రోజులవి. దోహా, దుబాయి, కువైట్‌లలో పనిచేసే మన జగిత్యాల, నిజామాబాద్, కడప, రాయచోటి పిల్లలు విమానాశ్రయాల్లో పడిగాపులు పడ్డ రోజులు కూడా అవే. నాలుగైదు గంటల ప్రయాణం ఒకటిన్నర రోజు కావచ్చునని, మందులు చేతిసంచిలోనే ఉంచుకోవాలని ఆ రాత్రి చాలా ఇళ్లకు తెలిసివచ్చింది.

సరే, ఇక డబ్బు విషయానికి వద్దాం. ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. ఒకప్పుడు తెలుగు ప్రాంతాల హాజీలు రైలెక్కి బొంబాయి వెళ్లేవారు. అక్కడ ముసాఫిర్‌ఖానాలో రోజుల తరబడి ఉండి, మొగల్ లైన్ ఓడ ఎక్కితే సముద్రం మీద ఇంకా కొన్ని రోజులు. వెళ్లేటప్పుడు ఇంటివాళ్లు చివరిచూపు చూసుకున్నట్టే సాగనంపేవారు. ఓడలు క్రమంగా తగ్గి 1995లో పూర్తిగా ఆగిపోయాయి. ఓడ ఛార్జీకీ విమానం ఛార్జీకీ ఉన్న తేడాను పూడ్చడానికని మొదలైనదే హజ్ సబ్సిడీ. దాని పేరు చెప్పి ముస్లింలను ఎన్ని మాటలన్నారో ఈ పేజీ పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు. నిజానికి ఆ డబ్బు ఏనాడూ హాజీ చేతికి రాలేదు. ప్రభుత్వం నుంచి విమాన సంస్థకు పోయింది. మామూలు రోజుల్లో ఎవరైనా కొనుక్కునే టిక్కెట్టు కంటే హజ్ టిక్కెట్టు ఎంతో ఎక్కువ ధరకు కట్టి, అందులో కొంత మాఫీ చేసి, దానికి రాయితీ అని పేరు పెట్టారు. స్తోమత ఉన్నవారి మీదనే హజ్ విధి అయిందని తెలిసిన సముదాయం ఆ రాయితీని అడుక్కోలేదు కూడా. 2012 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని పదేళ్లలో క్రమంగా ఎత్తివేయమన్నది. ఆ ఏడాది ఆ మొత్తం 800 కోట్లు దాటింది. 2018 జనవరిలో కేంద్రం గడువుకు ముందే ఒక్కసారిగా ఎత్తేసింది.

ఆ తర్వాత జరిగినది ఆసక్తికరం. సబ్సిడీ ఉన్న 2017లో హాజీల విమాన ప్రయాణానికి సంస్థలకు 1,030 కోట్లు చెల్లించగా, సబ్సిడీ లేని 2018లో అంతకంటే ఎక్కువమంది వెళ్లినా 973 కోట్లే అయిందని అప్పటి కేంద్రమంత్రి ముఖ్తార్ అబ్బాస్ నఖ్వీ స్వయంగా ప్రకటించారు. రాయితీ పోయాక ధర తగ్గడం ఎక్కడైనా విన్నామా? ఆ ఏడాది నుంచి యాత్రికులు తమకు చవక అయిన విమానాశ్రయాన్ని ఎంచుకోవచ్చని వెసులుబాటు ఇవ్వడం కూడా ఇందులో కలిసివచ్చింది. 2019 జనవరి నుంచి ఈ ప్రయాణాల మీద జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. అది మరో ఊరట.

అయినా హజ్ టిక్కెట్టు మామూలు టిక్కెట్టు కంటే ఎందుకు ఎక్కువ? దీనికి న్యాయమైన కారణం ఒకటుంది, అది ఒప్పుకోవాలి. మామూలు విమానం అటు నిండుగా పోయి ఇటు నిండుగా వస్తుంది. హజ్ విమానం హాజీలను దింపి ఖాళీగా తిరిగివస్తుంది. నెల తర్వాత ఖాళీగా వెళ్లి వాళ్లను ఎక్కించుకుని వస్తుంది. హాజీ ప్రయాణం చేసేది రెండుసార్లు, విమానం చేసేది నాలుగుసార్లు. ఆ రెండు ఖాళీ ప్రయాణాల ఇంధనం, సిబ్బంది జీతం, విమానాశ్రయాల రుసుములు అన్నీ హాజీ నెత్తినే పడతాయి. పైగా లక్షకు పైగా జనాన్ని ఒక నెలరోజుల్లో చేర్చాలి. మన దేశానికి ఇచ్చిన కోటా 2025లో 1,75,025. అందులో ఎక్కువ భాగం హజ్ కమిటీ ద్వారానే వెళ్లేవారు. ముందు వెళ్లినవారు ముందే తిరిగి రావాలి, చివర వెళ్లినవారు చివర. అయిదారు రోజుల హజ్ విధులకు నలభై రోజులు అక్కడ ఉండవలసి రావడానికి భక్తి ఒక్కటే కారణం కాదు, ఈ విమానాల వరస కూడా కారణమే.

సరే, నాలుగు ప్రయాణాల లెక్కే పెట్టుకుందాం. హైదరాబాద్‌కు నాలుగుసార్లు 4,130 అంటే 16,520 కిలోమీటర్లు. విజయవాడకు నాలుగుసార్లు 4,400 అంటే 17,600. తేడా 1,080. అంటే నూటికి ఆరున్నర వంతులు. హైదరాబాద్ టిక్కెట్టు లక్ష రూపాయలైతే దూరాన్ని బట్టి విజయవాడ టిక్కెట్టు లక్షా ఆరున్నర వేలు కావాలి. రానుపోను ఖాళీ విమానం ఖర్చు కలుపుకున్న తర్వాత కూడా ఇంతే. మిగతా డెబ్బై వేల చిల్లర దూరం ఖాతాలో లేదు. మరి ఏ ఖాతాలో ఉంది?

కేరళను చూస్తే దీనికి కొంత జవాబు దొరుకుతుంది. అక్కడ హజ్ విమానాలకు మూడు కేంద్రాలున్నాయి: కోజికోడ్, కన్నూర్, కొచ్చి. మేము కొలిచినంతలో జిద్దాకు కన్నూర్ నుంచి సుమారు 4,010 కిలోమీటర్లు, కోజికోడ్ నుంచి 4,080, కొచ్చి నుంచి 4,170. మూడింటిలో దూరమైనది కొచ్చి. 2024లో మాత్రం కొచ్చి, కన్నూర్‌ల ఛార్జీ 86 వేల దగ్గర ఉంటే కోజికోడ్‌ది 1,65,000 అని తేలింది. దాదాపు రెట్టింపు! రాష్ట్రమంతా గగ్గోలెత్తింది, ఎంపీలు ఢిల్లీ వెళ్లారు, కొంత తగ్గించారు. అయినా తేడా పూర్తిగా పోలేదు. 2025లో కూడా నలభై వేల దాకా నిలిచే ఉంది.

కారణం నేలమీద ఉంది. కోజికోడ్ విమానాశ్రయం కొండను చదును చేసి కట్టినది. రన్‌వే పొడవు సుమారు 2,860 మీటర్లు, కొసలు దాటితే లోయ. 2020 ఆగస్టు 7న దుబాయి నుంచి వచ్చిన విమానం వానలో దిగుతూ ఆ కొస దాటి పడిపోయింది, 21 మంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడ పెద్ద విమానాలను ఆపేశారు. నాలుగు వందల దాకా హాజీలను ఒక్కసారి తీసుకుపోగల విమానం దిగలేని చోట చిన్న విమానాలే రెండింతల సార్లు తిరగాలి. వాటిని నడపడానికి ముందుకొచ్చే సంస్థలు తక్కువ. టెండర్‌లో పోటీ లేకపోతే అడిగినంతే ధర. పక్కనే ఉన్న కన్నూర్‌కు 2024లో పెద్ద విమానం వచ్చింది, ధర పడిపోయింది. మధ్య దూరం నూరు కిలోమీటర్లు కూడా లేదు.

అయితే విజయవాడ సంగతి వేరు. గన్నవరం రన్‌వేను పొడిగించి 3,360 మీటర్లు చేశారు. కోజికోడ్ కంటే ఎంతో పొడుగు, కొచ్చికి దగ్గర దగ్గర. కొండ లేదు, లోయ లేదు. రన్‌వే మీద నెపం వేయడానికి వీల్లేదు. ఇక మిగిలినవి రెండే. ఒకటి, జనం సంఖ్య. 2023లో విజయవాడ నుంచి బయలుదేరినవారు సుమారు 1,800 మంది. పెద్ద విమానాలైతే అయిదారు ప్రయాణాలకు సరిపోయే జనం. ఇంత కొద్దిమంది కోసం ఒక విమాన సంస్థ కొత్త ఊరికి సిబ్బందినీ, సామాగ్రినీ తరలించి, దుకాణం పెట్టి, పదిరోజుల్లో ఎత్తేయాలి. హైదరాబాద్‌లో అయితే జిద్దా విమానాలు ఏడాది పొడుగునా ఉన్నాయి, అంతా సిద్ధంగా ఉంటుంది. రెండోది, పోటీ. చిన్న కేంద్రానికి టెండర్ వేసేవాడు ఒక్కడే అయితే బేరం ఆడేదెవరు? సంతలో ఒక్క బండి మాత్రమే ఉంటే కిరాయి బండివాడు చెప్పినదే.

ఇందులో జనం సంఖ్య, ధర ఒకదాన్నొకటి కిందికి లాగుతున్నాయి. ధర ఎక్కువ కాబట్టి జనం రారు, జనం రారు కాబట్టి ధర ఎక్కువ. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక్కొక్కరికి 80 వేల చొప్పున 14 కోట్ల 51 లక్షల రూపాయలు భరించి ఆ ఏడాది హాజీలను గట్టెక్కించింది. మంచిదే, కాదనడం లేదు. తర్వాత ప్రభుత్వం మారింది. విజయవాడ నుంచి వెళ్లేవారికి లక్ష రూపాయల సాయం ప్రకటించింది. అదీ మంచిదే. అయినా రాష్ట్రంలోని హాజీల్లో ఎక్కువమంది హైదరాబాద్, బెంగుళూరులవైపే మొగ్గు చూపుతూ వచ్చారు. మా సందేహం ఒక్కటే. ఆ 14 కోట్లు చివరికి ఎవరికి చేరాయి? హాజీ పేరు మీద ఖజానా నుంచి బయలుదేరి విమాన సంస్థ దగ్గర ఆగిన డబ్బును ఇదివరకు ఒకసారి చూశాం. దానికి ఢిల్లీలో సబ్సిడీ అని పేరు, అపవాదు మనకు. ఇప్పుడు అదే పని అమరావతిలో జరిగితే రేపు అసెంబ్లీలో ఎవరో లేచి 'ముస్లింలకు ఇన్ని కోట్లు ధారపోశారు' అని లెక్క చదువుతారు. ఇరవై నిమిషాల ఆకాశానికి అంత ధర ఎందుకని ఆ సంస్థను అడిగేవారు మాత్రం ఉండరు.

విజయవాడ కేంద్రం అనవసరం అంటున్నామని ఎవరూ అనుకోవద్దు. విశాఖపట్నం నుంచి హైదరాబాద్ రోడ్డున 600 కిలోమీటర్ల పైమాట. విజయవాడ 350. గుంటూరు, మచిలీపట్నం వాళ్లకు గన్నవరం వాకిట్లో ఉన్నట్టే. డెబ్బై ఏళ్ల మనిషిని, చక్రాల కుర్చీలో ఉన్న తల్లిని రాత్రంతా బస్సులో కూర్చోబెట్టి హైదరాబాద్ తీసుకురావడం, నాంపల్లి హజ్ హౌస్‌లో జనంలో నిలబెట్టడం - ఆ శ్రమ ఛార్జీల పట్టికలో కనపడదు. సాగనంపడానికి వచ్చే కొడుకులు, కోడళ్లు, మనవలు ఒక వ్యానుకు తక్కువ కాకుండా ఉంటారు, వాళ్ల ఖర్చూ కనపడదు.

కాని ఆంధ్రప్రదేశ్ ముస్లింలలో పెద్దభాగం కోస్తాలో కాదు, రాయలసీమలో ఉన్నారు. కర్నూలు నుంచి హైదరాబాద్ 215 కిలోమీటర్లు, విజయవాడ 340. అనంతపురం నుంచి బెంగుళూరు 215, విజయవాడ 480 దాకా. కడప నుంచి కూడా బెంగుళూరే దగ్గర. నెల్లూరు నుంచి మద్రాసు దగ్గర. అనంతపురం మనిషి గన్నవరం నుంచి జిద్దా వెళ్లాలంటే ముందు తూర్పుకు రాత్రంతా ప్రయాణించి, అక్కడ విమానమెక్కి మళ్లీ పడమరకు తిరగాలి. మక్కాకు వీపు పెట్టి మొదలయ్యే ప్రయాణం! రాష్ట్రం ఒకటే గదా అని సాయాన్ని విజయవాడ టిక్కెట్టుకే ముడిపెడితే, నిజంగా జనం ఎక్కువ ఉన్న జిల్లాలకు అది అందని ద్రాక్షే. సాయం చేయదలిస్తే మనిషికి చేయాలి, విమానాశ్రయానికి కాదు. హాజీ తనకు దగ్గరైన చోటినుంచి వెళ్తాడు.

మేము కోరేది పెద్ద కోరిక కాదు. ప్రతి కేంద్రానికీ ఛార్జీ ప్రకటించేటప్పుడు అందులో ఇంధనం ఎంత, ఖాళీ ప్రయాణం ఎంత, ఇక్కడి విమానాశ్రయ రుసుము ఎంత, అక్కడిది ఎంత, పన్ను ఎంత, సంస్థకు మిగిలేది ఎంత అని విడదీసి చూపాలి. టెండర్‌లో ఎంతమంది పాల్గొన్నారో చెప్పాలి. చిన్న కేంద్రాలకు విడిగా టెండర్ పిలిచే బదులు హైదరాబాద్, విజయవాడలను ఒకే మూటగా కట్టి, రెండింటికీ ఒకే సంస్థ తెచ్చే పెద్ద విమానాలతో నడపమంటే ఆ తేడా ఎంతవరకు దిగుతుందో ఒక్క ఏడు చూడవచ్చు. రోజూ తిరిగే మామూలు విమానాల్లో సీట్లు కొని కొంతమందిని పంపితే ఖాళీ ప్రయాణం బెడద ఆ మేరకు తప్పుతుంది. ఉమ్రాకు వెళ్లేవాళ్లంతా అలాగే పోతున్నారు. వీటికి విమాన సంస్థలు ఒప్పుకోవాలి, సౌదీ అధికారులు ఒప్పుకోవాలి, అంత తేలిక కాదని మాకూ తెలుసు. అయితే రెండు రాష్ట్రాల హజ్ కమిటీలు కలిసి ఒక ఉత్తరం రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఈలోగా ఇంట్లో చేసుకోవలసిన లెక్క ఒకటుంది. కేంద్రాల వారీ ఛార్జీలు వెలువడ్డాక రెండు ఊర్ల మధ్య తేడాను ఒక కాగితం మీద వేయండి. దాని కింద మీ గడప నుంచి ఆ విమానాశ్రయానికి ఇద్దరికి బస్సు లేక కారు ఖర్చు, సాగనంపడానికి వచ్చేవారి ఖర్చు, వాళ్లు ఆ ఊళ్లో ఉండే రెండు రోజుల ఖర్చు, తిరిగి వచ్చేటప్పుడు జమ్‌జమ్ నీళ్లు, సామాను ఎత్తుకుని ఇల్లు చేరే ఖర్చు వేయండి. ఏ ఊరి నుంచి వెళ్తే రాష్ట్ర ప్రభుత్వ సాయం వస్తుందో, అది ముందు ఇస్తారో తర్వాత ఇస్తారో జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో అడిగి రాసుకోండి. అమ్మీజాన్ మోకాళ్లను కూడా ఆ కాగితంలో ఒక వరసగా రాయండి. గుంటూరు ఇంట్లో వచ్చే జవాబు, కర్నూలు ఇంట్లో వచ్చే జవాబు ఒకటి కావు.